రెండోసారి అడగకూడదు

ప్లాను కాగితం గోడకి ఎంత ఎత్తున అంటించాలన్న దగ్గరే మా అమ్మాయికీ నాకూ మొదటి గొడవ వచ్చింది.

"ఇంకా పైకి పెట్టవే" అన్నాను.

"ఇంకా పైకి పెడితే చదవడానికి నిచ్చెన కావాలమ్మా."

"కావాలంటే నిచ్చెన తెచ్చుకుంటారు. తడిసిపోతే ఏం తెచ్చుకుంటారు?"

లస్త్రి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కంపెనీ భోజనాల పాకలో ఆ గోడకి నడుమెత్తున ఉప్పు గీత ఉంది. పోయినేడు పోటు నీళ్ళు అంతవరకూ వచ్చి నిలబడ్డాయి. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ గీత మళ్ళీ పైకి తేలుతుంది. దాని మీద జానెడు వదిలి అంటించింది మా అమ్మాయి. ఆ జానెడు చాలదనిపించింది నాకు. నాకు ఏదీ చాలదనే అనిపిస్తుంది, అది వేరే సంగతి.

సెమరాంగ్ రేవు వెనకాల ఉన్న సందు మాది. సముద్రం పైకొస్తోందో, నేలే కిందకి దిగుతోందో, చదువుకున్నవాళ్ళు రెండూ అంటారు. మేం మాత్రం ఇంట్లో మట్టీ రాళ్ళూ పోసి నేల ఎత్తు చేసుకుంటూ పోతాం. ఇప్పుడు మా కిటికీ మోకాళ్ళ దగ్గరుంది. గుమ్మంలోంచి తల వంచుకుని వెళ్ళాలి. పైకప్పుకీ తలకీ మధ్య చోటు అయిపోయాక ఏం చేస్తామని మా ఆయన్ని అడుగుతుండేదాన్ని. "అప్పటికి నేనుండన్లే" అనేవాడు. అన్నట్టే లేడు.

మా సందులో సగం మంది ఆడవాళ్ళం మేం అమ్మగారన్నట్టు బూ అని పిలిచే రెత్నో గారి రొయ్యల అప్పడాల కంపెనీలోనే పని చేస్తాం. నేను పెరట్లో వెదురు తట్టల మీద అప్పడాలు ఆరబెడతాను, మధ్యాహ్నం అందరికీ వండుతాను. పోయినేటి పోటుకి పిండి కలిపే మిషన్ మోటారు కాలిపోయింది, బాయిలర్ తుప్పు పట్టింది. బూ రెత్నో అప్పుడే ఖచ్చితంగా చెప్పేసింది. "ఇంకొక్కసారి మిషన్లు మునిగాయంటే తాళం వేసేస్తాను. నాకింక ఓపిక లేదు." రైలు పట్టాలకి అవతల, రోడ్డు పక్కన ఎత్తుగా ఉన్న చోట కొత్త షెడ్డు కట్టి, లెబరాన్ పండగయ్యాక వచ్చే పెద్ద పోటుకి ముందే మిషన్లన్నీ అక్కడికి మార్చాలి. ఆ పని మొత్తం తీసుకొచ్చి మా లస్త్రి నెత్తిన పెట్టింది. లెక్కలు రాసే పిల్ల, ప్లానింగ్ మీద ఏదో శిక్షణకి వెళ్ళొచ్చింది కదా అని.

అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పని కుదిరితే కంపెనీ పని, కుదరకపోతే లస్త్రి పని. సందులో నూరు నోళ్ళు పస్తులుంటే ఆ నూరు నోళ్ళూ ఎవరి పేరు చెబుతాయి?

ప్లాను మా ఇంట్లోనే, నేల మీద పరిచి తయారుచేసింది. నేను కాగితాలు కత్తిరించాను. ఒక్కో పనికీ ఒక్కో పట్టీ.

"చూడమ్మా, ఏ పని దేని మీద నిలబడుతుందో అదే ముందు తేల్చుకోవాలి. నేల గట్టిపడాలి. నేల గట్టిపడితేనే కరెంటు లైన్లు. లైన్లు వస్తేనే మిషన్లు. మిషన్లొచ్చాక ఒకసారి నడిపి చూడాలి."

"కెండురి విందు వంటలాగే" అన్నాను. "పసుపన్నం ఉడక్కుండా గోపురం ఎలా పేరుస్తాం?"

"అదే. అన్నం ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే. కూర ఆలస్యమైతే పర్లేదు." నేల అన్న పట్టీ కింద లావుగా గీత గీసింది. "ఇదే మన అన్నం. ఇది జరిగితే అన్నీ జరుగుతాయి, ఇది ఆగితే అన్నీ ఆగుతాయి."

పూర్తయిన పనికి ఆకుపచ్చ కాగితం, నడుస్తున్నదానికి పసుపు, ఆగిపోయినదానికి ఎరుపు. మూడు రంగులూ మూడు కట్టలు కొంది. ఎర్ర కట్ట దారం కూడా విప్పకుండా పక్కన పెట్టింది. దాన్ని చూస్తే నాకు భయమేసింది. విప్పుతుందేమోనని కాదు, విప్పదేమోనని. కీడెంచి మేలెంచమని మా అమ్మ చెప్పేది. నేను కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయాను గానీ, మా వాళ్ళంతా అది అస్సలు ఎంచరు.

మొదటి మీటింగు రోజు టీ, టెంపే బజ్జీలు పట్టుకుని నేనూ వెళ్ళాను. బల్ల చివర బూ రెత్నో. ఆవిడ పక్కన జుమాది గారు. మా ఆయనకి పెదనాన్న కొడుకు, నాకు బావగారు. సందులో ప్రతి ఇంటి నేలా ఆయన చేతిదే. కొత్త షెడ్డు నేల పని ఆయనకే ఇచ్చారు. ఎదురుగా కరెంటు పని చేసే బోవో. లారీ మాట్లాడే పని, సామాన్లు తరలించే పని తుకినెం వంతు. ఆవిడ కూడా నాతోపాటు తట్టలు మోసిన మనిషే.

"పెదనాన్నా, నేల ఈ గీత దగ్గరికల్లా అవుతుందా?" అంది లస్త్రి.

బావగారు వెలిగించని సిగరెట్టు వేళ్ళ మధ్య తిప్పుతూ, "అలాగేనమ్మా. నువ్వు గీత గీశాక కాకపోవడం ఉంటుందా?" అన్నారు.

"బోవో అన్నా, లైన్లు?"

"నేలైన మర్నాడే దీపాలు లస్త్రి గారూ. మీ పెళ్ళి చెయ్యొచ్చు ఆ వెలుగులో."

"ముందు నీకో పిల్లని వెతుక్కోరా, చీకట్లో అయినా పర్లేదు" అంది తుకినెం. అందరూ నవ్వారు.

"లారీ, పిన్నీ?"

"చెప్పేసినట్టే అనుకో."

లస్త్రి గొంతు సవరించుకుంది. "ఇంకొక్క మాట. పోటు వచ్చేసింది, మిషన్లింకా ఇక్కడే ఉన్నాయి అనుకుందాం. మన వల్ల కాలేదు. ఎందుకు కాలేదు? ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పండి. ముందే రాసిపెట్టుకుంటే..."

బోవో టీలోకి చూశాడు. బావగారు సిగరెట్టు చెవి మీద పెట్టుకున్నారు. బూ రెత్నో మెత్తగా, "ఎందుకమ్మా ఆ మాటలు, మంచి పని మొదలెడుతూ?" అంది.

"అవి కావాలంటే మీ అమ్మనడుగు. బస్తాడున్నాయి ఆవిడ దగ్గర" అంది తుకినెం.

పాకంతా నవ్వింది. నా దగ్గర నిజంగానే బస్తాడున్నాయి. బావగారి దగ్గు, ఆగని వాన, మేస్త్రీలకి ఇంకెక్కడో పని దొరకడం, రైలు పట్టాల మీద బండి ఆగిపోవడం, సముద్రానికి మన క్యాలెండరు తెలియకపోవడం. నోరు తెరవబోయాను. లస్త్రి నా వైపు చూసింది. నా పరువు తియ్యకమ్మా అన్న చూపు. బజ్జీల పళ్ళెం పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

తర్వాత కాగితం మీద పచ్చదనం మొదలైంది. పునాది, ఆకుపచ్చ. గోడలు, ఆకుపచ్చ. రేకులు, ఆకుపచ్చ. బూ రెత్నో రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఆ గోడ ముందు నిలబడేది. వాళ్ళాయన పోయినప్పటినుంచీ ఆవిడ ముఖాన నవ్వు చూడలేదు మేం. ఇప్పుడు టీ అయిపోయేదాకా నవ్వుతూ నిలబడేది. ఒకరోజు నేల పట్టీ కూడా ఆకుపచ్చ అయింది. గ్లాసు ఖాళీ అయినా ఆవిడ అక్కడినుంచి కదల్లేదు.

పచ్చదనం పెరిగినకొద్దీ నాకు నిద్ర తగ్గింది.

"నేల చూశావా?" అన్నాను అన్నం పెడుతూ.

"చూశాను. ముందు భాగం అయింది. వెనకంతా టార్పాలిన్ కప్పి ఉంది. ఆరుతోంది తొక్కకు అన్నారు పెదనాన్న."

"ఎత్తి చూశావా?"

"అమ్మా! ఆయన ఎదురుగా ఎలా ఎత్తుతాను?"

ఏమనను? పెద్దవాళ్ళని ఒకసారి అడగొచ్చు, రెండోసారి అడగకూడదు. రెండోసారి అడిగితే నీ మాట నమ్మలేదని ముఖాన చెప్పినట్టే. ఇది నేను తొడపాశం పెట్టి నేర్పిన బుద్ధే. మా సందులో పిల్లలందరికీ అలాగే నేర్పుతాం. నేను ఇంట్లో గ్యాస్ కట్టానా లేదా అని సందు చివరినుంచి వెనక్కొచ్చే మనిషినే, కానీ బావగారిని ఏదీ రెండుసార్లు అడిగి ఎరగను.

ఇక ఉండబట్టక, ఓ మధ్యాహ్నం క్యారేజీ కట్టుకుని కొత్త షెడ్డుకి వెళ్ళాను, అన్నం వంకతో. రైలు పట్టాలు దాటుతుంటేనే మిషన్ చప్పుడు వినపడాలి, సిమెంటు కలిపే మిషన్. వినపడలేదు. వెనక వైపునుంచి వెళ్ళాను. టార్పాలిన్ గాలికి ఓ మూల లేచి ఉంది. దాని కింద నేల లేదు. గొయ్యి, ఇటుక ముక్కలు, నిలవ నీళ్ళు. ఆ నీళ్ళలో ఓ కోడి నడుస్తోంది.

బావగారు ఒక్కరే తట్టతో ఇటుక ముక్కలు మోస్తున్నారు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూసి తట్ట కింద పెట్టారు.

"వచ్చావా వగియెం. కూర్చో. అయిపోతోంది."

"మేస్త్రీలేరి బావగారూ?"

"భోజనానికి వెళ్ళారు."

గోడకి రెండు తాపీలు వేలాడుతున్నాయి. వాటి మీద సిమెంటు ఎండి, అంచులు తుప్పెక్కి ఉన్నాయి. నేను వాటిని చూడటం ఆయన చూశారు. "కలిమంతాన్ వెళ్ళారు. అక్కడేవో పెద్ద పనులట. వస్తామన్నారు" అన్నారు.

"ఎప్పుడు?"

"వస్తామన్నారు."

అక్కడితో ఆగిపోయాను. క్యారేజీ విప్పి అన్నం పెట్టాను. కూర ఆయన పంచె మీద ఒలికింది. తింటూ దగ్గారు. దగ్గుతూ తిన్నారు.

ఇంటికొచ్చాక లస్త్రికి చెప్పాను. అదిరిపడుతుందనుకున్నాను. అది పళ్ళెంలో అన్నం ఓ పక్కకి నెడుతూ కూర్చుంది.

"నాకు తెలుసమ్మా."

"తెలుసా?"

"పోయిన వారమే తెలుసు. బోవోకీ తెలుసు. పిన్నికీ తెలుసు."

"మరి ఆ ఆకుపచ్చ కాగితం?"

"నేనే అంటించాను." పళ్ళెం పక్కకి జరిపింది. "ఎరుపు ఎవరి ముఖం చూసి అంటించను? నాన్న పాడె మోసిన మనిషి ముఖం చూసా? ఆయన నా ఎదురుగా అయిపోతోందన్నారు. నేను కాలేదని రాస్తే ఆయన్ని అబద్ధాలకోరన్నట్టు కాదా? బూ రెత్నో ఆ గోడ ముందు ఎలా నిలబడుతుందో చూశావుగా. ముందు పసుపే పెట్టాను. నేలొక్కటీ పచ్చబడితే ఇంక భయం లేదు కదా లస్త్రీ అందావిడ. మర్నాడు చెయ్యి దానంతటదే పచ్చది తీసింది."

"ఇప్పుడేం చేస్తావే?"

"తెలీదు. పోటు దగ్గరికొచ్చేసింది. నాకు తెలీదమ్మా. రేపు గేటు దాటి లోపలికి వెళ్ళడం ఎలాగో కూడా నాకు తెలీదు."

లేచి పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఎండ ఇంకా ఉంది. నేను పిలిచాను, పలకలేదు. మళ్ళీ పిలిచాను. "బతికే ఉన్నానమ్మా" అంది, గోడతో అన్నట్టు.

బతికే ఉన్నానని మనిషి ఎప్పుడంటుంది? వంటింట్లో అటక మీదున్న ఎలకల మందు తీసుకెళ్ళి కాలవలో పారేశాను. పారేశాక, ఆ కాలవలో చేపలు చచ్చి, వాటిని ఎవరి పిల్లలైనా తింటే? కర్రతో కాలవంతా కెలికాను. డబ్బా దొరికింది, మూత ఊడలేదు. బురద చేతులతో అది పట్టుకుని కాలవ గట్టున కూర్చుని ఏడ్చాను. నా కూతురు మునిగిపోతోంది. నీళ్ళింకా రాలేదు, అప్పుడే మునిగిపోతోంది. సందులో ఒక్కరు కూడా ఆ మాట పైకి అనరు. అనకూడదు కాబట్టి.

మర్నాడు మధ్యాహ్నం పాకలో అందరూ భోజనాలకి కూర్చున్నారు. బావగారు కూడా వచ్చారు. బూ రెత్నో గోడ ముందు తన గ్లాసుతో నిలబడి ఉంది. నేను ఆకుకూర పులుసు వడ్డిస్తూ బావగారి దగ్గరికి వచ్చాను.

"బావగారూ, నేల అయిందా?"

"అవుతోందమ్మా."

గరిటె గిన్నెలో పెట్టాను. గిన్నె కింద పెట్టాను.

"బావగారూ, నేల అయిందా?"

నమలడాలు ఆగిపోయాయి. తుకినెం నా లుంగీ అంచు పట్టుకుని లాగింది. "ఏయ్ వగియెం, ఏమిటిది? మతి గానీ పోయిందా?"

"పోయింది. మీరంతా ఎప్పటినుంచో అంటున్నదేగా! నేను పిచ్చిదాన్ని, గ్యాస్ కట్టానో లేదో పదిసార్లు చూసేదాన్ని. బస్తాడు భయాలున్నదాన్ని. పిచ్చిదాని మాటకి పరువేమిటి? అందుకే మూడోసారి కూడా అడుగుతున్నాను. నేల అయిందా?"

"అమ్మా" అంది లస్త్రి.

బావగారు పళ్ళెం పక్కన పెట్టారు. ఆయన పై పెదవికి మెతుకు అంటుకుని ఉంది. దాన్ని తుడుచుకోవడం మర్చిపోయి నా కళ్ళలోకి చూశారు. మా ఆయన పోయిన రోజున కూడా ఆయన నన్ను సూటిగా చూడలేదు.

"కాలేదు" అన్నారు. "సగం కూడా కాలేదు. నా ఒక్కడి వల్ల కాదు. కాదని నాకు మొదటి రోజే తెలుసు."

ఆ పాకలో ఒక పెద్దమనిషి నోట కాదన్న మాట నేను అంతకుముందు వినలేదు. ఇంకెవరూ విని ఉండరు.

లస్త్రి లేచింది. ఎర్ర కట్ట దారాన్ని పళ్ళతో తెంపింది. గోడ దగ్గరికి వెళ్ళి నేల పట్టీ మీది పచ్చ కాగితం పీకేసి ఎర్రది అంటించింది. "ఈ పచ్చది పెదనాన్న పెట్టింది కాదు బూ, నేను పెట్టింది" అంది బూ రెత్నో వైపు చూడకుండానే. తర్వాత ఇటు తిరిగింది. "బోవో అన్నా, వైర్లు వచ్చాయా?"

"వస్తున్నాయి లస్త్రి గారూ..."

"వైర్లు వచ్చాయా?"

బోవో మెడ వెనక గోక్కున్నాడు. "ఇంకా సురబయా నుంచి బయల్దేరలేదు. నేల ఎలాగూ కాలేదు కదా, తొందరేముందని..."

"పిన్నీ, లారీ?"

"వైర్లు లేనిది లారీ ఎందుకని ఊరుకున్నాను" అంది తుకినెం. ఆవిడ గొంతులో ఎకసెక్కెం లేదు.

అదీ సంగతి. నేల కాలేదని వైరు తెప్పించలేదు. వైరు రాలేదని లారీ చెప్పలేదు. లారీ లేదని ఎవరూ ఒక్క బోల్టు విప్పలేదు. కింద ఉన్నవాడు ఆలస్యమని పైవాడికి తెలుసు, అందుకని ప్రతివాడూ నిశ్చింతగా పడుకున్నాడు. లస్త్రి అంటిస్తూ పోయింది. ఎర్ర కాగితాలు చాలలేదు. ఉన్నవాటిని మధ్యకి చింపి అంటించింది.

బూ రెత్నో గ్లాసు బల్ల మీద పెట్టింది. "అయితే నాకొక్కదానికే తెలీదన్నమాట" అంది. కోపం లేదు ఆ మాటలో. కోపమే ఉంటే బాగుండేది.

లస్త్రే మాట్లాడింది మళ్ళీ. "అన్నీ తీసుకెళ్ళలేం. ఆ మాట ముందు ఒప్పుకుందాం. ఏం వదిలేద్దాం?"

కోత మిషన్, ఆరబెట్టే పొయ్యిలు, పిండి మిషన్, బాయిలర్. ఆ పొయ్యిలు బూ రెత్నో గారి ఆయన స్వయంగా వెల్డింగు చేసినవి. ఆవిడ వాటికేసి ఒక్కసారి చూసి కళ్ళు దించుకుంది.

"పిండి మిషన్, బాయిలర్ తీసుకెళ్తే చాలు" అంది. "పొయ్యిలు ఇక్కడే ఉండనీ. ఆరబెట్టడానికి పైన ఎండ ఉంది."

ఆ సాయంత్రమే లస్త్రి ఇంకో కాగితం అంటించింది, చిన్నది. దాని మీద నాలుగే పట్టీలు. కరెంటు లేదు, నడిపి చూడటం లేదు. ఉన్న నేల మీద పిండి మిషన్. దాని పక్కన బాయిలర్‌కి సరిపడా ఇంకో చాపంత నేల. బావగారు చెబుతుంటే మేమంతా మేస్త్రీలమయ్యాం. అప్పడాల తట్టలతో ఇసక మోశాం. బోవో సిమెంటు కలిపాడు. చేతులు పొక్కిపోయాయి. లస్త్రి ప్రతి పనికీ రెండుసార్లు అడగడం మొదలెట్టింది, అడిగి క్షమించండి అనేది, మళ్ళీ అడిగేది. బావగారు అందరితో మాట్లాడేవారు. నాతో మాట్లాడలేదు. నేను నీళ్ళు ఇస్తే చెంబు కింద పెట్టమని చేత్తో చూపించేవారు. పిండి మిషన్ పట్టాలు దాటి వెళ్ళిపోయింది. ఆ రోజు ఓ ముద్ద తినగలిగాను.

సముద్రం మా కాగితం చదవలేదు. గాలి తోడై పోటు ముందే వచ్చేసింది.

మా దగ్గర నీళ్ళు సముద్రం వైపునుంచి రావు. ముందు మురిక్కాలవలో బుడగలొస్తాయి. నేను పెరట్లో తట్టలు ఎత్తుతుంటే కాలవలో బుడగలు కనిపించాయి. అరిచాను. ఎప్పుడూ అరిచే మనిషినే కదా, అయినా ఆ రోజు ఎవరూ నవ్వలేదు. బాయిలర్ అప్పటికి గేటు దగ్గరికే వచ్చింది, రేవు కూలీల దగ్గర తెచ్చిన ఇనప బండి మీద. లారీ ఈ నీళ్ళలోకి రానంది.

తోశాం. ఆడా మగా, బూ రెత్నోతో సహా. చీలమండల దాకా నీళ్ళు, తర్వాత పిక్కల దాకా. పట్టాల దగ్గర చక్రం ఇరుక్కుంది. ఇదేగా నా బస్తాలో ఉన్నది, రైలొస్తుంది, నా కూతురు పట్టాల మధ్యే ఉంటుంది. "లస్త్రీ, బయటికి రావే! బయటికి రా!" అని గొంతు పగిలేలా పిలిచాను. అది రాలేదు. బావగారు తన భుజం చక్రం కింద ఆనించి పైకి లేచారు. ఆ ముసలి ఒంట్లో ఎముకలు పటపటమనడం నాకు వినపడింది. బండి దాటింది.

షెడ్డు ముందు ఏటవాలు మీద ఎక్కించి, చాపంత కొత్త నేల మీద బాయిలర్‌ని దించాం. వెనక్కి తిరిగి చూస్తే పాత షెడ్డు కిటికీల దాకా నీళ్ళు. పొయ్యిలు లోపలే ఉన్నాయి. వెదురు తట్టలు పడవల్లా రోడ్డెక్కి తేలుతున్నాయి. ఆ గోడ మీది పెద్ద కాగితం గుర్తొచ్చింది. జానెడు చాలదని చెప్పాను.

బూ రెత్నో పిండి మిషన్‌కి ఆనుకుని కూర్చుంది. జుట్టు ముఖమంతా అంటుకుపోయి ఉంది.

"బూ, కంపెనీ మూసేస్తారా?" అన్నాను.

"చూద్దాం వగియెం."

"బూ, మూసేస్తారా?"

తల ఎత్తి నన్ను చూసింది. "ఇవి రెండూ నిలబడితే తెరుస్తాను. బాయిలర్ పోతే మళ్ళీ కొనే శక్తి నాకు లేదు, మూసేస్తాను. అంతే. ఇంతకన్నా నాకు తెలీదు." ముఖం మీది జుట్టు వెనక్కి తోసుకుని అంది, "నువ్వు చెప్పు. ఇంకేం జరగొచ్చు?"

అందరూ నా వైపు తిరిగారు. తుకినెం కూడా. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు అడగాలని ఉండేది నాకు. ఇప్పుడు అడిగితే బస్తాలోంచి ఒక్కటే బయటికొచ్చింది.

"నేల" అన్నాను. "బాయిలర్ కింద నేల... ఇంకా ఆరలేదేమో."

బావగారు వంగి, బొటనవేలితో బాయిలర్ పాదం పక్కన సిమెంటు నొక్కారు. వేలు గోరు దాకా దిగింది.

"ఆరలేదు" అన్నారు. ఆయన్ని ఎవరూ అడక్కుండానే. "ఒరుగుతోంది. ఇటు పక్కకి. దుంగలు తెండి, తొందరగా."

లస్త్రి పరిగెత్తింది. బోవో పరంజా కర్రలు ఊడబీకాడు. ఇనుము మెల్లగా మా మీదికి వాలుతుంటే చేతికి దొరికినదల్లా దాని కిందికి తోశాం, కర్రలు, ఇటుకలు, ఖాళీ సిమెంటు సంచులు. చివరికి వీపులు ఆనించాం. చల్లటి ఇనుము నా వెన్నుని నొక్కుతోంది. నా కుడి పక్కన లస్త్రి, కళ్ళు మూసుకుని ఊపిరి తీస్తోంది, తీస్తోందని ప్రతిసారీ చూసుకుంటున్నాను. ఎడమ పక్కన బావగారు. ఏటవాలు అంచుకి నీళ్ళు వచ్చి తడుతున్నాయి.

"బావగారూ, నిలుస్తుందా?" అన్నాను.

"తెలీదమ్మా."

అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నీళ్ళు మళ్ళీ ఓసారి అంచుని తట్టాయి. కింద ఏదో కర్ర కిర్రుమంది. నేను ఉండబట్టలేకపోయాను.

"బావగారూ, నిలుస్తుందా?"

ఆయన దగ్గు ఆపుకుని, వీపు ఇంకాస్త గట్టిగా ఆనించారు.

"రెండోసారి అడిగినా తెలీదు వగియెం. తొయ్యి."